ఆఖరున ఎక్కే మామయ్య

మా చిన్న మామయ్యకి ఎక్కడికి వెళ్ళినా, ఏ పని చేసినా, అందరికన్నా ఆఖరున ఉండాలి. కొందరికి ముందు సీటు మీద మోజు, కొందరికి కిటికీ సీటు మీద మోజు. మా మామయ్యకి తన వెనకాల మనిషన్నవాడు మిగలకూడదు. మిగిలితే ఆయనకి అన్నం సయించదు. అందుకే మా బంధువుల పిల్లలంతా ఆయన్ని ఆఖరి మామయ్య అంటారు. ఆయనకి కోపం రాదు సరికదా, పిలిచినవాడు ముందు వెళ్ళేదాకా ఆగి, వాడి వెనకాలే వస్తాడు.

ఇది పుట్టుకతో వచ్చిందేనని మా అమ్మ అంటుంది. ఏడుగురిలో ఆఖరివాడు. ఇక ఇవాళ్టికి కాన్పు కాదని డాక్టరు చెప్పి, బ్యాగు సర్దుకుని, కారెక్కి, అద్దం కూడా పైకెత్తుకున్నాక అప్పుడు పుట్టాడట. ఉద్యోగం కూడా దానికి తగ్గదే దొరికింది. ఒక ప్రెస్సులో బైండరు. రాసినవాడు, కంపోజు చేసినవాడు, అచ్చేసినవాడు అందరూ చేతులు కడుక్కుని ఇంటికెళ్ళాక, కాగితాలు ఆఖరున మా మామయ్య బల్ల మీదికి వచ్చేవి. ఆయన దబ్బనంతో కుట్టి, గమ్ము రాసి, అట్ట వేస్తే పుస్తకం అయ్యేది. ఇంతకన్నా హాయైన ఉద్యోగం భూమ్మీద లేదనేవాడు.

ప్రెస్సు నాలుగో అంతస్తులో ఉండేది. మామయ్య లిఫ్టు తలుపు పట్టుకుని అందరినీ ఎక్కించేవాడు. అందరూ ఎక్కాక లిఫ్టు నిండిపోయేది. ఆయన మెట్లెక్కి వచ్చేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ లిఫ్టు లోపల అద్దం ఉందన్న సంగతి ఆయనకి తెలియదు. సెలూన్‌కి వెళ్తే వచ్చిన ప్రతివాడికీ, మీకు తొందరేమో ముందు కూర్చోండి, అని కుర్చీ ఇచ్చేవాడు. షట్టరు దించే వేళకి లేచి, మళ్ళీ రేపు వస్తానని చెప్పి వచ్చేసేవాడు. అందుకే ఆయన జుట్టు ఎప్పుడూ కాలరు దాటి వేలాడుతూ ఉంటుంది. ఆయన పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకు కోసం వెతకాలంటే ఆఖరి వరసలో, ఇద్దరు పొడుగాటి వాళ్ళ భుజాల మధ్య చూడాలి. ముందు వరసలో మా అత్తయ్య ఒక్కతే, పక్కన ఖాళీ జాగాతో నిలబడి, కెమెరాని మింగేసేలా చూస్తూ ఉంటుంది.

ఎందుకిలా చేస్తావని అడిగితే ఒకటే జవాబు. "ఎవరో ఒకరు ఆఖరున ఉండాలి కదరా."

ఆ మాట విన్నప్పుడల్లా అత్తయ్య తల పట్టుకునేది. "చావు దగ్గర కూడా నన్ను ముందు పంపించి, అన్నీ సర్దుకుని, నిదానంగా వస్తాడు. నాకు తెలుసు" అనేది.

ఇలాంటి మనిషిని నా బస్సులో ఎక్కించమని మా అమ్మ పట్టుబట్టింది. నేను టూరు బస్సులో గైడుని. పొద్దున ఊళ్ళో బయలుదేరి, సముద్రం వెంబడి లైట్‌హౌసు, నీళ్ళు చిమ్మే కొండ, సముద్రంలో ఉన్న పాత కోట చూపించి, చివర్న విస్కీ తయారుచేసే ఒక డిస్టిలరీకి తీసుకెళ్ళి, చీకటి పడేలోగా తిరిగి తీసుకురావడం నా పని. మామయ్య రిటైరై ఇంట్లో కూర్చున్నాడనీ, సముద్రం పక్క ఊళ్ళోనే పుట్టి లైట్‌హౌసు ఎక్కలేదనీ, ఒక్కసారి తీసుకెళ్ళరా అనీ అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

ఇంకెప్పుడైనా అయితే సరేననేవాణ్ణి. కానీ అప్పటికి నా మెడ మీద కత్తి వేలాడుతోంది. వరసగా రెండు ట్రిప్పులు ఆలస్యంగా తిరిగొచ్చాయి. ఫొటోలు దిగేవాళ్ళు కొందరు, గవ్వలు ఏరుకునేవాళ్ళు కొందరు, ఒకసారి చెప్పు అలకి కొట్టుకుపోయిందని దాని వెంట పరుగెత్తినవాడు ఒకడు. ఆ బస్సే రాత్రికి ఇంకో ట్రిప్పుకి వెళ్ళాలి. మా ఓనరు నన్ను పిలిచి కూర్చోమనకుండానే చెప్పాడు. మూడోసారి ఆలస్యమైతే గైడు ఉద్యోగం పోయి, వెనక గోడౌన్ పక్కనున్న పార్సిల్ కౌంటర్లో కూర్చోవాలి. ఆ కౌంటర్లో కిటికీ లేదు. నాకు మాట్లాడకపోతే పొద్దు గడవదు. పార్సిళ్ళతో ఏం మాట్లాడను?

అందుకని నేనొక రూలు కనిపెట్టాను. ప్రతి స్టాపు దగ్గరా బస్సులో ఆఖరున ఎక్కినవాళ్ళు మైకు పట్టుకుని అందరి ముందూ ఒక పాట పాడాలి. తప్పించుకోవడం లేదు. జనానికి పులన్నా భయం లేదు గానీ మైకన్నా, పాటన్నా భయం. అంతకుముందు ట్రిప్పులో ఒక్కసారి పెట్టి చూస్తే, హారను కొట్టకుండానే జనం బస్సు దగ్గరికి ఉరుకులు పరుగుల మీద వచ్చారు.

ఆ రోజు పొద్దున బస్సు కదలగానే మైకులో రూలు చెప్పాను. అందరూ నవ్వారు. మొదటి వరసలో ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన మెడకి బూడిదరంగు మఫ్లరు. నేను రూలు చెబుతుంటే ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆవిడ బిస్కెట్ పాకెట్టు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. సరదాలు గిట్టని మనుషులు కాబోలు అనుకున్నాను. నా కంగారంతా వెనక సీట్లో కూర్చున్న మా మామయ్య గురించే. ఎక్కేముందే ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. తన వల్ల నాకు మాట రానివ్వనని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఆ చెయ్యి నా నెత్తి మీద పెట్టాడా, ఆయన నెత్తి మీద పెట్టుకున్నాడా అని తర్వాత చాలాసేపు ఆలోచించాను.

లైట్‌హౌసు దగ్గర అందరూ దిగారు, మఫ్లరాయన, ఆవిడ తప్ప. తాము బస్సులోనే కూర్చుంటామని ఆవిడ చెప్పింది. దిగేవాళ్ళలో కూడా ఆఖరివాడు కాబట్టి మామయ్య ఇంకా లోపలే ఉన్నాడు. వాళ్ళు దిగితే గానీ తను దిగడు. పోన్లే, ముగ్గురూ బస్సులో ఉంటే తప్పిపోయే బెంగ లేదని నేను మిగతావాళ్ళని తీసుకుని వెళ్ళిపోయాను. మెట్లెక్కి పైనుంచి చూద్దును కదా, ముగ్గురూ కింద గట్టు మీద మెల్లగా నడుస్తున్నారు. మామయ్య చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. మఫ్లరాయన ఆగి ఆగి వింటున్నాడు.

మళ్ళీ బయలుదేరే వేళకి అందరూ ఎక్కేశారు, ఆ ముగ్గురూ రావాలి. మఫ్లరాయన ఎడమకాలు కొంచెం ఈడుస్తూ వచ్చి ఎక్కాడు. ఆవిడ ఎక్కింది. తర్వాత తాపీగా మామయ్య. బస్సంతా చప్పట్లు.

మామయ్య మైకు అందుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పాడగా మేమెవరం వినలేదు. ఎందుకు వినలేదో అప్పుడు తెలిసింది. నూనె వేయని గేటు తెరిచినట్టు మొదలుపెట్టాడు. ఒకటే పల్లవి, ఏ పాటదో తెలియదు, మాటలు సగం ఆయనవే. దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి పాడాడు. మధ్యలో ఆగి, గొంతు సవరించుకుని, మొదటినుంచి మళ్ళీ అందుకున్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను వాచీ చూసుకున్నాను.

రెండోది నీళ్ళు చిమ్మే కొండ. అడుగున గుహలో అల దూరినప్పుడల్లా పైన రంధ్రంలోంచి నీళ్ళు ఇంటెత్తున లేస్తాయి. ఈసారి నేను మామయ్యని వదలకుండా వెంట ఉన్నాను. హారను కొట్టకముందే మోచెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిపించాను. తలుపు ఇంకా నాలుగడుగులు ఉందనగా ఆయన వెనక్కి తిరిగి చూసి, ఉన్నపళంగా కూర్చుండిపోయాడు.

ఏమైందని అడిగితే లేసు ఊడిందన్నాడు. ఆయన వేసుకున్నవి చెప్పులు.

నేను ఆ మాటే అన్నాను. అయితే లేసు దొరకడం ఇంకా కష్టమని చెప్పి, చెప్పుల చుట్టూ వేళ్ళతో వెతుకుతూ కూర్చున్నాడు. ఈలోగా మఫ్లరాయన, ఆవిడ పక్కనుంచి మెల్లగా వెళ్ళి ఎక్కారు. వెంటనే మామయ్య మోకాళ్ళు దులుపుకుని లేచాడు. మళ్ళీ ఆయనే ఆఖరు. మళ్ళీ అదే పల్లవి.

ఈసారి సగం మందే నవ్వారు. మూడో వరసలో ఒక పళ్ళ డాక్టరు గారున్నారు. తన దగ్గర పన్ను పీకించుకునేవాళ్ళు ఇంతకన్నా శ్రుతిలో అరుస్తారని ఆయన పైకే అన్నారు. ఇంకెవరో రూలు మార్చి, ఆఖరున ఎక్కినవాణ్ణి పాడకుండా ఉండమని శిక్ష వేయండి అన్నారు. మామయ్య ఆ మాటలన్నీ విని, చెంపలు పొంగేలా నవ్వి, పల్లవి ఇంకోసారి అందుకున్నాడు. డ్రైవరన్న అద్దంలోంచి నా వైపు చూశాడు. ఇంకా కోట ఉంది, డిస్టిలరీ ఉంది, వెనక్కి పోయే దారి ఉంది. నా గుండెల్లో రైళ్ళు పరుగెత్తడం మొదలైంది.

నిజానికి నాకు అన్నిటికన్నా హడలు ఆ కోటంటేనే. అది సముద్రంలో ఒక రాతి దిబ్బ మీద ఉంది. ఒడ్డునుంచి అక్కడిదాకా రాళ్ళు పేర్చిన సన్నటి దారి. పోటు వచ్చేటప్పటికి ఆ దారి నీళ్ళలో మునిగిపోతుంది. మునిగితే మళ్ళీ తేలేది అర్ధరాత్రికే. అందుకే వెళ్ళేటప్పుడే పదిసార్లు చెబుతాను, ఈల వేయగానే వచ్చేయాలని. ఆ రోజు పదిసార్లతో ఊరుకోలేదు.

ఈల వేశాను. అందరూ బిలబిలా వచ్చేశారు. పళ్ళ డాక్టరు గారైతే పాట భయంతో అందరికన్నా ముందే సీట్లో కూర్చున్నారు. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. దారికి రెండు పక్కలా నీళ్ళు రాళ్ళ అంచుల్ని తడుముతున్నాయి. ఆ దారి మధ్యలో మఫ్లరాయన, ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడ. వాళ్ళ వెనక, చేతులు వెనక్కి కట్టుకుని, మేఘాలు చూసుకుంటూ మా మామయ్య.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దవాళ్ళంటే మెల్లగా నడుస్తారు, అర్థం చేసుకోవచ్చు. ఈయనకేం రోగం? ఒక్క పరుగున వెళ్ళాను. వాళ్ళిద్దర్నీ దాటి, మామయ్య చెయ్యి పట్టుకుని లాక్కుంటూ మళ్ళీ వాళ్ళని దాటించి, ఒడ్డుకి ఈడ్చుకొచ్చాను. చెప్పులు తడిశాయి. వెనక వాళ్ళిద్దరూ కూడా, ఆఖరి రాళ్ళ మీద నీళ్ళు పాదాలు తాకుతుండగా, ఒడ్డు చేరారు. నేను మామయ్యని బస్సు తలుపు దగ్గరికి తోసి ఎక్కమన్నాను.

ఆయన కమ్మీ పట్టుకుని కదల్లేదు.

"ఎక్కు మామయ్యా. నా ఉద్యోగం పోతుంది."

"ముందు వాళ్ళని ఎక్కనీ."

"ఈ ఒక్కసారికి నువ్వు ముందు ఎక్కితే కొంపలేం మునగవు."

మామయ్య నా వైపు చూశాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన మొహంలో కోపం అదే మొదటిసారి చూడటం. "నన్ను ముందు పెట్టకురా" అన్నాడు, పళ్ళ బిగువున, లోపలివాళ్ళకి వినపడకుండా. "తర్వాత నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇప్పుడు మాత్రం పెట్టకు."

ఈలోగా వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. మామయ్య పక్కకి జరిగి దారిచ్చాడు. మఫ్లరాయన ఒక్కో మెట్టే ఎక్కి లోపలికి వెళ్ళాడు. ఆవిడ మాత్రం కింద ఆగింది.

"బాబూ, మామయ్యగారిని ఏమీ అనకండి" అంది. "మా ఆయన స్టేషన్లో అనౌన్సరుగా చేసేవారు. రైళ్ళన్నీ ఆయన గొంతుతోనే వచ్చేవి, పోయేవి. పోయినేడు పక్షవాతం వచ్చింది. కాలు కొంచెం నయమైంది. మాటే ముద్దగా వస్తుంది. బయటివాళ్ళ ముందు నోరు విప్పరు. ఎన్నాళ్ళకో బతిమాలి తీసుకొస్తే, పొద్దున మీరు మైకులో ఆ రూలు చెప్పారు. ఇక బస్సు దిగనని కూర్చున్నారు. మెల్లగా నడిచేది తనేనని ఆయనకి తెలుసు కదా."

నేను బస్సు లోపలికి తొంగి చూశాను.

"మీ మామయ్యగారు వెళ్ళకుండా మా దగ్గర కూర్చున్నారు. ఎందుకు దిగరని అడిగారు, నేను చెప్పాను. దానికేం భాగ్యం, నేనుండగా ఈ బస్సులో ఇంకెవరూ ఆఖరు కాలేరు, కావాలంటే మా ఇంట్లో అడగండి అన్నారు. అప్పుడు దిగారు ఈయన."

ఆవిడ ఎక్కి వెళ్ళిపోయింది. సరదాకి పెట్టిన రూలు ఒక మనిషిని సీట్లో కట్టిపడేసింది. నేను మొదటి వరసకి అడుగు దూరంలో నిలబడి, పొద్దుటినుంచీ లైట్‌హౌసు ఎత్తు గురించి చెబుతున్నాను తప్ప, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు. ఇప్పుడే మైకులో రూలు రద్దని చెప్పేస్తానన్నాను.

మామయ్య నా చెయ్యి పట్టి ఆపాడు. "ఇంతసేపూ ఉన్న రూలు ఇప్పుడెందుకు రద్దయిందంటారు. ఎవరు మెల్లగా వచ్చారా అని అందరూ వెతుకుతారు. ఊరుకో. నేనింకోసారి పాడేస్తే పోయె."

మరి పెళ్ళి ఫొటో సంగతేమిటని నాకు అడగాలనిపించింది. ఆ రోజు ఆ వరసలో ఎవరు ఇబ్బంది పడుతున్నారో, సెలూన్లో ఎవరికి ఏ తొందరుందో, లిఫ్టులో ఎవరి కాలు నొప్పో. అడిగితే ఎవరో ఒకరు ఆఖరున ఉండాలి కదరా అంటాడు, అంతకన్నా ఒక్క ముక్క రాదు. అడగలేదు. ఆయన ఎక్కి పాడాడు. సంగతి తెలిసి వింటే మధురంగా ఉంటుందేమో అనుకున్నాను. ఏమీ లేదు, ఇంకా ఘోరంగా ఉంది.

డిస్టిలరీ చేరేసరికి గేటు సగం వేసేశారు. నేను కిటికీలోంచి నడుము దాకా వేలాడి చెయ్యి ఊపాను. లోపలంతా తిప్పి చూపించే అమ్మాయి తాళాల గుత్తి పట్టుకుని, ముళ్ళ మీద నిలబడినట్టుంది. త్వరగా త్వరగా అంటూ లోపలికి తోలింది. మొలకెత్తించిన బార్లీ, దాన్ని ఎండబెట్టే గది, మనిషి పట్టేంత రాగి బట్టీలు, వాటి పైన కొంగ మెడలా వంగిన గొట్టాలు, అన్నీ పరుగు మీదే చూపించింది. గోడలు కూడా తీపి పులుపు వాసన వేస్తున్నాయి. తర్వాత చల్లటి కొట్టులో వరసలు వరసలుగా చెక్క పీపాలు. ఏళ్ళ తరబడి అందులో ఉంటే గానీ సరుక్కి రంగూ రుచీ రావని చెప్పింది. మామయ్య ఒక పీపా మీద చెయ్యి వేసి, ఇన్నేళ్ళు ఓపిగ్గా ఆఖరి దాకా ఆగేవాళ్ళుంటే లోకం బాగుపడుతుందని మెచ్చుకున్నాడు.

చివర్న రుచి చూపిస్తారు. అందరికీ చిన్న గ్లాసుల్లో చెంచాడు చెంచాడు పోస్తారు. బండి నడపాలి కాబట్టి డ్రైవరన్నకి తాగనివ్వరు. ఆయన వంతు చిట్టి సీసాలో పోసి, ఇంటికెళ్ళాక తాగమని చీటీ అంటించి ఇస్తారు. వరసలో అందరికీ పోస్తూ ఆ అమ్మాయి మామయ్య దగ్గరికి వచ్చింది. మిగిల్చి ఏం లాభం, ఎలాగూ కొట్టు మూసే వేళ అనుకుని, సీసాలో ఉన్నదంతా ఆయన గ్లాసులో వంపేసింది. జన్మలో దగ్గు మందు తప్ప ఇంకోటి ఎరగని మనిషి. ఇచ్చిన అమ్మాయి నొచ్చుకుంటుందని మంచినీళ్ళలా తాగేశాడు.

నేను చూడలేదు. నేను అందరినీ బస్సు వైపు తోలే హడావిడిలో ఉన్నాను. పొద్దు వాలిపోతోంది. అప్పుడే బయలుదేరితేనే వేళకి చేరతాం. జేబులో ఫోను మోగింది. ఓనరు. ఎత్తలేదు. బస్సెక్కి చూస్తే మామయ్య లేడు. మొదటి వరసలో ఆవిడ ఉంది గానీ మఫ్లరాయన లేడు.

పరుగున కొట్టులోకి వెళ్ళాను. రెండు పీపాల మధ్య బల్ల మీద మామయ్య నిద్రపోతున్నాడు, మొహంలో చిరునవ్వుతో. పక్కన మఫ్లరాయన కాపలా కాస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు. ఇద్దరం చెరోపక్కా పట్టి లేపాం. ఫోను మళ్ళీ మోగింది. మామయ్య కాళ్ళు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ పోతున్నాయి. మఫ్లరాయన కాలు ఎలాగూ నిదానమే. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆనుకుని వస్తుంటే నా తల ప్రాణం తోకకొచ్చింది.

బస్సు తలుపు దగ్గర అసలు గొడవ మొదలైంది. అంత మైకంలోనూ మామయ్య పక్కకి జరిగి, మీరు ముందు అన్నాడు. మఫ్లరాయన తల అడ్డంగా ఊపాడు. మామయ్య మళ్ళీ చెయ్యి చాపాడు. ఆయన మళ్ళీ తల ఊపాడు. మామయ్య కంగారుపడి చెవిలో ఏదో చెప్పబోయాడు. మఫ్లరాయన తన మంచి చేతిని మామయ్య వీపు మీద ఆనించి ఒక్క తోపు తోశాడు. మెట్లు తన్నుకుంటూ మామయ్య బస్సులో పడ్డాడు. అరవయ్యేళ్ళు దాటిన జీవితంలో మొదటిసారి ఆయన వెనక ఒక మనిషి మిగిలాడు.

మఫ్లరాయన కమ్మీ పట్టుకుని నిదానంగా ఎక్కి, సీటు వైపు వెళ్ళకుండా నా పక్కన నిలబడ్డాడు.

పళ్ళ డాక్టరు గారికి ఏం తెలుసు పాపం? ఇంతసేపటికి ఇంకో గొంతు దొరికిందన్న ఆనందంతో, పాట పాట అని చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. ఆవిడ సీట్లోంచి సగం లేచింది. మామయ్య తూలుకుంటూ లేచి, నేను మళ్ళీ దిగి ఎక్కుతాను, ఇప్పటిది లెక్కలోకి రాదు అంటున్నాడు. నేను మైకు తీసి, ఇక రూలు లేదు, ఆలస్యమవుతోంది, బయలుదేరుతున్నాం అని చెప్పబోయాను. ఫోను మూడోసారి మోగింది. ఎత్తి, ఒక్క నిమిషం సార్ అన్నాను. అప్పటికే మఫ్లరాయన చెయ్యి నా ముందుకి చాచి ఉంది. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో మైకు. మైకు ఇచ్చేశాను.

ఆయన మైకుని గడ్డానికి కొంచెం కింద, పక్కగా పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలోనే తెలిసిపోయింది, అది ఆయన చేతికి ఎంత అలవాటో. మఫ్లరు వదులు చేసుకున్నాడు.

"ప్రయాణికులకు... విజ్ఞప్తి."

మాట ముద్దగానే వచ్చింది. ఒక్కో మాటకీ మధ్య అంత ఖాళీ. కానీ ఆ సాగదీత, ఆ తగ్గు స్వరం మేమందరం పుట్టినప్పటినుంచీ ఎరిగినవే.

"ఊళ్ళోకి... వెళ్ళవలసిన... మన బస్సు... మరికొద్ది... సేపట్లో... బయలుదేరుటకు... సిద్ధముగా... ఉన్నది." ఊపిరి తీసుకున్నాడు. "ఆలస్యమునకు... చింతిస్తున్నాము."

ఎవరూ తొందరపెట్టలేదు. డ్రైవరన్న ఇంజను స్టార్టు చేసినవాడు మళ్ళీ ఆపేశాడు, మాట మింగేస్తుందని. పళ్ళ డాక్టరు గారి చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి. మామయ్య సీటు వీపు పట్టుకుని నిలబడి, నోరు తెరుచుకుని వింటున్నాడు. అయిపోయాక ఒక్కసారిగా బస్సు దద్దరిల్లింది. మామయ్య అయితే రెండు చేతులూ పైకెత్తి కొట్టబోయి, పట్టు తప్పి, పళ్ళ డాక్టరు గారి ఒళ్ళో కూర్చున్నాడు.

నాకప్పుడు ఫోను గుర్తొచ్చింది. చెవి దగ్గర పెట్టుకున్నాను. ఓనరు గొంతు వణుకుతోంది.

"ఒరే, నువ్వు స్టేషన్లో ఉన్నావా?"

"లేదు సార్. బస్సులోనే..."

"నాతో అబద్ధమాడకు. అనౌన్సుమెంటు నా చెవులారా విన్నాను. జనం గోల కూడా వినపడుతోంది. ఎక్కడికి పారిపోతున్నావు?"

అది మా ప్యాసింజరు సార్ అన్నాను. దాంతో ఆయన అనుమానం గట్టిపడింది.

"పార్సిల్ కౌంటరు మాట కోపంలో అన్నానురా. అంతమాత్రానికే రైలెక్కేస్తావా? రేపు ట్రిప్పుకి నీ బదులు నాకెవడున్నాడు? ఆ లైట్‌హౌసు గురించి అంతసేపు మాట్లాడేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. ఆలస్యమైతే అయింది, రాత్రి ట్రిప్పుకి వేరే బస్సు చూసుకుంటాను. ముందు నువ్వు ఆ స్టేషన్ బయటికి రా."

వస్తున్నాను సార్ అని చెప్పి పెట్టేశాను. పొద్దుటినుంచీ గుండెల్లో పరుగెత్తిన రైళ్ళన్నీ ఒక్కసారి ఆగాయి. మైకు తీసుకుని జరిగింది జరిగినట్టు అందరికీ చెప్పాను. మా ఓనరు అంత దూరం నుంచి విని, నేను రైల్వేస్టేషన్లో నిలబడి ఉన్నానని నమ్మేశాడని. స్టేషన్ మైకులో మాట ఎప్పుడు స్పష్టంగా వినపడింది గనక, ఇలాగే కదా ఉండేది అని డ్రైవరన్న అన్నాడు. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక, భర్త వైపు చూసింది.

ఆయన అప్పటికి సీట్లో కూర్చున్నాడు. మొహం ఒకవైపే నవ్వుతోంది. ఏదో అనడానికి నోరు కదిపాడు. పొద్దుటినుంచీ ఆయన మాటలన్నీ ఆవిడే చెబుతోంది కాబట్టి, అలవాటుగా ఆవిడ వంగి చెవి దగ్గర పెట్టింది. ఆయన ఆవిణ్ణి మెల్లగా పక్కకి జరిపి, మైకు కోసం మళ్ళీ చెయ్యి చాపాడు.

"ఏ... ప్లాట్‌ఫారమో..." అన్నాడు నా వైపు చూస్తూ, బస్సంతా వినేలా, "మీ ఓనరు... అడగలేదా?"